తేలికపాటి విమానానికి కానోపీ: ఎంపిక, అమరిక, తెలుగు పదాల పరిధి

వ్యాససంగ్రహం: ఔత్సాహికులు స్వయంగా నిర్మించుకొనే తేలికపాటి విమానంలో పైలట్ కూర్చునే చోటును కప్పే పారదర్శక భాగం కానోపీ. దాని ఎంపికను, అమరికను వివరిస్తూ, అందుకు తెలుగు పదాలు ఎంతవరకు ఉపకరిస్తాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కానోపీ, అక్రిలిక్, వ్యాకోచం, పారిభాషిక పదం, పందిరి.

1. ఉపోద్ఘాతం:

తిరుపతి పరిసరాల్లో ‘విమానం’ అంటే తిరుమలలోని ఆనందనిలయ విమానమూ కావచ్చు, రేణిగుంటలో దిగే విమానమూ కావచ్చు. సందర్భాన్ని బట్టి అర్థం తేలిపోతుంది. కానోపీ విషయంలో ఆ సౌలభ్యం లేదు. బ్రహ్మోత్సవాల్లో ముత్యపుపందిరి వాహనం, వేసవిలో చలువపందిరి ఈ ప్రాంతీయులకు సుపరిచితాలు. అయితే పందిరి నీడనిస్తుందే కాని తలుపులా తెరుచుకోదు. ‘మూత’ తెరుచుకుంటుంది కాని చూపునివ్వదు. కానోపీ ఏకకాలంలో కప్పు, కిటికీ, తలుపు.

2. ఎంపిక:

తెరుచుకునే తీరును బట్టి ఇవి ప్రధానంగా మూడు రకాలు: వెనక్కి జరిగేవి, ముందున్న కీళ్లపై పైకి లేచేవి, పక్కకు తెరుచుకునేవి. అమెరికాలోని వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ ఆర్‌వీ-7 కిట్‌లో మొదటి రెండింటిలో ఒకదాన్ని నిర్మాత ఎంచుకొనే వీలు కల్పించింది. జరిగే రకాన్ని విమానం నేలపై నడిచేటప్పుడు తెరిచి ఉంచుకోవచ్చు. వేసవిలో 40 డిగ్రీలు దాటే తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఇది ముఖ్యమైన సదుపాయం. అయితే పైలట్ ముందుండే చట్రం చూపుకు కొంత అడ్డవుతుంది. పైకి లేచే రకంలో ఆ అడ్డు ఉండదు. పక్కకు తెరుచుకునే రకంలో గగనంలో గడియ ఊడితే గాలి దాన్ని ఒక్కసారిగా తెరవగలదు. కనుక రెండో గడియ అవసరం. విమానం తలకిందులైతే ఏ రకమైనా తెరుచుకోకపోవచ్చు. అందుకే కానోపీని పగలగొట్టే సాధనం చేతికందే చోట ఉండాలి.

3. ‘అద్దం’ తెచ్చే చిక్కు:

కానోపీని వాడుకలో ‘అద్దం’ అనడం సహజం. కాని అది సాధారణంగా అక్రిలిక్ అనే ప్లాస్టిక్. ఒక మీటరు పొడవున్న అక్రిలిక్ 30 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 2.1 మిల్లీమీటర్లు సాగుతుంది. అదే పొడవున్న అల్యూమినియం చట్రం సుమారు 0.7, గాజు 0.3 మిల్లీమీటర్లు మాత్రమే సాగుతాయి. ‘అద్దం’ అనే పదాన్ని నమ్మి గాజులా బిగిస్తే, చట్రానికీ అక్రిలిక్‌కూ మధ్య మిగిలే 1.4 మిల్లీమీటర్ల తేడా మర రంధ్రాల వద్ద బీటలుగా బయటపడుతుంది. గాజును తుడిచే అమోనియా ద్రావణాలు, పెట్రోలు తగిలినా సన్నని నెరియలు ఏర్పడతాయి. పాలీకార్బొనేట్ దెబ్బను బాగా తట్టుకుంటుంది కాని సులభంగా గీతలు పడుతుంది, ద్రావకాలకు లొంగిపోతుంది.

4. అమరిక:

అంచును రాపిడి చక్రంతో కొద్దికొద్దిగా కోస్తూ, ప్రతిసారీ చట్రంపై ఆనించి సరిచూడాలి. చలిలో అక్రిలిక్ పెళుసుబారుతుంది గనుక వెచ్చని వేళ కోయడం మేలు. కోసిన అంచును నునుపు చేయకపోతే అక్కడే బీట మొదలవుతుంది. రంధ్రాలకు ప్లాస్టిక్ కోసం చేసిన డ్రిల్ బిట్ వాడాలి. మర కన్నా రంధ్రం పెద్దదిగా ఉండాలి. మరను అతిగా బిగించరాదు. మరలకు బదులు సాగే గుణమున్న జిగురుతో అతికించే పద్ధతి కూడా ఉంది.

5. ముగింపు:

• కానోపీకి ఒక్క తెలుగు పదాన్ని సమానార్థకంగా నిలపడం కన్నా, కానోపీ అనే మాటనే ఉంచి దాని మూడు పనులను విడివిడిగా చెప్పడం ఉచితం.
• పారిభాషిక పదం ఎంపికలో పరిచయంతో పాటు ఆ పదం చేతిపనిని ఎటు నడిపిస్తుందో కూడా చూడాలి. ‘అద్దం’ పరిచితమే అయినా తప్పుదారి పట్టిస్తుంది.
• ‘పందిరి’ అసంపూర్ణమైనా ఒక మేలు చేస్తుంది: కట్టులో కాస్త వదులు ఉండాలన్న సంగతిని గుర్తు చేస్తుంది.