బూడిదవన్నె చిలుకకు ఇంటి సన్నాహము

చిలుక యనగానే మన కన్నుల ముందు పచ్చని రెక్కలును, ఎఱ్ఱని ముక్కును గల పక్షి మెదలును. జామతోటలలోను, జొన్నచేలలోను గుంపులుగా వ్రాలు రామచిలుకను ఎఱుగనివారుండరు. ఆఫ్రికా ఖండమునకు చెందిన బూడిదవన్నె చిలుక దీనికి దూరపు బంధువే యైనను, రూపమున మిక్కిలి వేఱైనది. దాని శరీరమంతయు బూడిదరంగు, కన్నుల చుట్టు ఈకలు లేని తెల్లని చర్మము, ముక్కు నల్లన, తోక మాత్రము కుంకుమలో ముంచి తీసినట్లు ఎఱ్ఱన. పొడవు సుమారు 33 సెంటీమీటర్లు, బరువు 400 మొదలు 500 గ్రాములు ఉండును.

ఘానా, నైజీరియా, కామెరూన్, గాబన్, కాంగో దేశములు మొదలుకొని తూర్పున ఉగాండా వఱకు వ్యాపించిన వానయడవులు ఈ చిలుకకు పుట్టినిల్లు. పెద్దచెట్ల తొఱ్ఱలలో ఆడపక్షి మూడు మొదలు ఐదు గ్రుడ్ల వఱకు పెట్టును. నూనెతాటి పండ్లనిన దీనికి ప్రీతి మెండు. గోదావరి సీమలో నేడు విస్తారముగా పండించుచున్న పామాయిల్ చెట్టు ఆ పశ్చిమాఫ్రికా అడవులనుండి వచ్చినదే. ప్రొద్దు క్రుంకువేళకు ఈ చిలుకలు వందలకొలది ఒక్కచోటికి చేరి, కలకలలాడుచు, ప్రక్కప్రక్కనే కూర్చుండి నిద్రించును. ఇట్టి సంఘజీవిని తెచ్చి ఒక యింటిలో ఒంటిగా నుంచదలచినవారు దాని సంఘమునకు బదులు తామే నిలువవలసియుండును. పంజరము కొనుట ఒక పూట పని. అసలు సన్నాహమునకు నెలలు పట్టును.

ఈ పక్షి బుద్ధిబలమును గూర్చి లోకమునకు విశేషముగా తెలియజేసినది ఆలెక్స్ అను చిలుక. అమెరికా దేశపు శాస్త్రజ్ఞురాలగు ఐరీన్ పెప్పర్‌బర్గ్ గారు 1977లో షికాగో నగరమునందలి దుకాణమొకదానిలో దానిని పిల్లగా నుండగా కొని, ముప్పది యేండ్లు బోధించిరి. అది ఇంచుమించు ఏబది వస్తువులకు పేర్లు చెప్పెడిది. రంగులను, ఆకారములను వేఱుపఱచెడిది. ఆఱు వఱకు లెక్కించెడిది. రెండు వస్తువులను చూపి, 'వీనిలో ఏది సమానము?' అని యడిగినచో 'రంగు' అనియో 'ఆకారము' అనియో సరిగా బదులు పలికెడిది. 2007 సెప్టెంబరు 6వ తేదీన, 31 ఏండ్ల ప్రాయమున అది మరణించినది. దానికి విద్య గఱపిన పద్ధతియు గమనింపదగినది. ఒకరు వస్తువును చూపి ప్రశ్నింపగా వేఱొకరు సరియైన జవాబు చెప్పి ఆ వస్తువును బహుమానముగా పొందుచుందురు; చిలుక ఆ యిరువురిని చూచుచు, తానును ఆ వస్తువును కోరి మాట నేర్చును. ఇంటికి వచ్చు చిలుకయు ఇట్లే ఇంటివారు తమలో తాము మాటలాడుకొనుట ఆలకించి నేర్చుకొనును. (కోపమున గట్టిగా పలికిన మాటలు దాని చెవికి మఱింత ఇంపు. బంధువులు వచ్చిన దినముననే వానిని వల్లించి ఇంటివారిని తలవంపులపాలు చేయుటయు కలదు.)

మొట్టమొదట ఆలోచింపవలసినది ఆయుర్దాయమును గూర్చి. శ్రద్ధగా పెంచిన బూడిదవన్నె చిలుక 40, 50 ఏండ్లు, ఒక్కొక్కప్పుడు 60 ఏండ్లు కూడ జీవించును. పదుమూడేండ్ల బాలుడు పిల్లచిలుకను తెచ్చుకొన్నచో, దానికి 45 ఏండ్లు నిండునాటికి అతడు 58 ఏండ్లవాడై యుండును. ఈ నడుమ అతడు చదువుకై వసతిగృహమునకు పోవును, ఉద్యోగమున చేరును, ఊరూరు మాఱును, వివాహమాడును. అప్పుడెల్ల చిలుక ఎవరియొద్ద నుండును? నడివయస్సున దీనిని కొన్నవారు తమ తరువాత దీని బాగోగులు చూచువారెవరో ముందే నిర్ణయింపవలెను. ఈ ప్రశ్నను తలచుకొనక కొని, విసిగి, విడిచిపెట్టిన చిలుకలను చేరదీయు శరణాలయములు ఇంగ్లండు, అమెరికా దేశములలో అనేకములు కలవు. ఈ ప్రశ్నకు ఇంటివారందఱు కూర్చుండి సమాధానము చెప్పుకొనలేకున్నచో తక్కిన సన్నాహమంతయు వ్యర్థము.

తరువాత, పిల్ల ఎక్కడనుండి వచ్చినదో విచారింపవలెను. 1975 మొదలు నాలుగు దశాబ్దములలో పదిలక్షలకు పైగా బూడిదవన్నె చిలుకలను అడవులలో పట్టి విదేశములకు పంపిరి. పట్టుబడినవానిలో అనేకము గమ్యము చేరకముందే మరణించెడివి. ఘానా దేశమున 1992 తరువాత వీని సంఖ్య నూటికి తొంబది పాళ్లకు మించి క్షీణించినదని 2016లో పరిశోధకులు ప్రకటించిరి. ఆ యేడే దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్ నగరమున, అంతరించుచున్న ప్రాణుల వర్తకమును అదుపుచేయు 'సైటీస్' ఒడంబడిక దేశములు సభచేరి, అడవి పక్షుల వాణిజ్యమును నిషేధించిరి. ఆ నిర్ణయము 2017 జనవరి 2 నుండి అమలులోనికి వచ్చినది. కావున నేడు కొనదగినది మనుష్యుల పోషణలో పుట్టిన పిల్ల మాత్రమే. దానికి ఒక గుర్తు కలదు. పసిగుడ్డుగా నున్నప్పుడే కాలికి అతుకులేని కడియమును తొడుగుదురు. పాదము ఎదిగిన పిమ్మట అట్టి కడియము ఎక్కదు. అయినను, కడియమును మాత్రమే చూచి తృప్తిపడక, అమ్మువానియొద్ద పత్రములను అడిగి తీసికొనవలెను.

మన దేశపు చట్టమును కూడ ఇచ్చట తెలిసికొనుట అవసరము. రామచిలుక మొదలగు దేశవాళి చిలుకలను పట్టుటయు, అమ్ముటయు, పంజరమున నుంచుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. ఊరూర పంజరములలో అవి కనబడుచున్న మాట నిజమే గాని, కనబడుటచేత నేరము నేరము కాకపోదు. బూడిదవన్నె చిలుక విదేశీ పక్షి యగుటచే దానిని ఉంచుకొనవచ్చును. కాని 2022లో సవరించిన చట్టమును, 2024లో వెలువడిన నియమములను అనుసరించి, దానిని 'పరివేష్' అను ప్రభుత్వ అంతర్జాల ద్వారమున నమోదు చేయింపవలెను. పక్షి చేతులు మాఱినను, పిల్లలు పుట్టినను, మరణించినను ఆ సంగతి తెలుపవలెను.

పిల్ల వయస్సు విషయమున అమ్ముడువారి మాటలకు లోబడరాదు. కన్ను తెఱచి కొలది దినములైన పిల్లను చేతికిచ్చి, "మీరే గొట్టముతో మేత పోసి పెంచినచో మీకు బాగుగా మాలిమియగును" అని కొందఱు చెప్పుదురు. ఇది హానికరమైన మాట. మేత వేడి మించినచో మెడక్రింది తిత్తి కాలును. ఆత్రముగా పోసినచో ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయును. పిల్ల ఇంచుమించు మూడు నెలల ప్రాయమున గూడు విడిచి ఎగురును. దాని తరువాత, తనంతట తాను మేత తినుట స్థిరపడువఱకు పెంపకందారునియొద్దనే ఉండనీయవలెను. ఎగురుట నేర్వకముందే రెక్కలు కత్తిరించిన పిల్ల తూలి పడి రొమ్ముటెముకపై గాయపడును. అంతేకాక జీవితాంతము పిఱికిదైపోవును.

ఇల్లు సిద్ధపఱచుటలో గాలినిగూర్చిన జాగ్రత్తయే అన్నిటికంటె ముఖ్యము. పక్షి శ్వాసించు తీరు మనతీరు వంటిది కాదు. దాని శరీరమున ఊపిరితిత్తులకు తోడు గాలితిత్తులు కలవు. గాలి లోనికి పోవునప్పుడును, వెలికి వచ్చునప్పుడును ఊపిరితిత్తులకు క్రొత్తగాలియే అందును. ఎగురుటకు కావలసిన బలము దీనివలననే కలుగును. కాని గాలిలో విషమున్నచో అదియు అంత త్వరగానే ఎక్కును. ఇంగ్లండు దేశపు బొగ్గుగనులలో 1986 వఱకు చిన్నపిట్టలను వెంట తీసికొనిపోయెడివారు. విషవాయువు సోకినపుడు మనుష్యులకంటె ముందు పిట్ట తూలిపోయెడిది; అది చూచి పనివారు బయటపడెడివారు. దోసెలు అంటుకొనకుండ టెఫ్లాన్ పూత పూసిన పెనములు నేడు ప్రతి వంటయింటను కలవు. అట్టి పెనమును ఖాళీగా పొయ్యిపై నుంచి మఱచిపోయినచో, పూత మాడి వెలువడు వాయువు ప్రక్కగదిలోని చిలుకను సైతము నిమిషములలో చంపును. మనుష్యులకు వాసన కూడ తెలియకపోవచ్చును. చిలుకను తేదలచిన యింట ఆ పెనములను తీసివేసి ఇనుప పెనమునకు మరలుటయే మేలు. దోమల చక్రములు, సాంబ్రాణి పొగ, అగరువత్తులు, మిరపకాయల తాలింపు ఘాటు, చుట్టపొగ, గోడల రంగు వాసన, ఇవన్నియు దానికి శత్రువులే. పూజ మానుకొమ్మని కాదు. పూజగదికిని పంజరమునకును నడుమ మూసియుంచు తలుపొకటి ఉండవలెను. వేఱొక సంగతి: ఈ చిలుక మేనినుండియే తెల్లని సన్నని పొడి నిరంతరము రాలుచుండును. ఉబ్బసము గలవారు ఇంట నున్నచో, కొనుటకు ముందే పెంపకందారుని యింటికి పోయి కొంతసేపు అట్టి పక్షుల నడుమ కూర్చుండి చూచుకొనవలెను.

పంజరము రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తునకు తక్కువ కారాదు. చువ్వల నడుమ సందు ముప్పాతిక అంగుళము మొదలు అంగుళము వఱకు ఉండవచ్చును. మించినచో తల ఇఱుకుకొనును. జింకుపూత పూసిన చవుక తీగె పనికిరాదు. చిలుక దానిని కొఱికి కొఱికి విషము మ్రింగును. కూర్చుండుటకు సమముగా చెక్కిన నున్నని కఱ్ఱ కంటె, లావు సన్నములు గల జామకొమ్మలను కడిగి అమర్చినచో పాదములకు పుండ్లు పడవు. కొఱుకుటకు కొయ్యముక్కలు, విప్పుటకు ముడులు, వెదకుటకు కాగితములో చుట్టిన గింజలు కావలెను. గడియ మాత్రము గట్టిది ఉండవలెను. సామాన్యపు గడియను ఇది కొలది దినములలో తీయనేర్చును. పంజరమును నలువైపుల తెఱపిగా నుంచక, ఒక ప్రక్క గోడకు చేర్చినచో పక్షికి భయము తగ్గును. చిలుక బయట నున్నంతసేపు పంకా తిరుగరాదు. కిటికీలు తెఱచి యుండరాదు. నీళ్ల తొట్లపై మూతలుండవలెను.

ఆహారమునుగూర్చి ఒక దురభిప్రాయము కలదు. పొద్దుతిరుగుడు గింజలు పెట్టినచో చాలునని చాలమంది తలంతురు. అందు క్రొవ్వు హెచ్చు. సున్నము, 'ఎ' విటమిను మిక్కిలి తక్కువ. బూడిదవన్నె చిలుకలకు రక్తమున సున్నము తగ్గి వణకు, మూర్ఛ వచ్చుట ఇతర చిలుకలకంటె ఎక్కువ. దీనికై ప్రత్యేకముగా చేసిన గుళికల మేతతోపాటు మునగాకు, మెంతికూర, క్యారట్టు, ఉడికిన చిలగడదుంప, మొలకెత్తిన పెసలు, కొలదిగా పండ్లు పెట్టవలెను. ఎఱ్ఱని మిరపపండ్లను ఇష్టముగా తినును. మిరప కారము పక్షుల నోటికి తెలియదు. ఉదయపు లేతయెండ కొంతసేపు సోకవలెను. గాజు కిటికీ వెనుక ఎండ చాలదు, ఆ కిరణములలోని మేలు గాజును దాటి రాదు. అవకాడో పండు, చాక్లెట్టు, కాఫీ, ఉల్లి, ఉప్పు వేసిన చిఱుతిండ్లు దీనికి విషము.

ఇంటివారి దినచర్యయు మాఱవలసియుండును. అందఱును ఉదయమున తలుపు తాళము వేసి పోయి, చీకటిపడిన పిమ్మట వచ్చు నింట ఈ పక్షి మనలేదు. ఒంటరితనమువలనను, విసుగువలనను, భయమువలనను తన ఈకలను తానే పెఱుకుకొనును. రొమ్ము, రెక్కలు బోడియైపోయి, ముక్కు అందని తలమీద మాత్రమే ఈకలు మిగిలిన చిలుకను చూచినవారు మఱవజాలరు. ఒకసారి అలవాటైన పిదప మాన్పుట మిక్కిలి కష్టము. పగలెల్ల ఎవరో ఒకరు ఇంట మెలగుచు, రోజునకు కొన్ని గంటలు దానిని పంజరము వెలుపల తమయొద్ద నుంచుకొనవలెను. పరీక్షల నెలలో ఎవరు, పెండ్లికి ఊరు పోయినపుడు ఎవరు అని ముందే పేర్లు చెప్పుకొనుట మంచిది. రాత్రి దానికి పది, పండ్రెండు గంటల నిద్ర కావలెను. భూమధ్యరేఖ చెంత రాత్రింబవళ్లు ఏడాది పొడవున ఇంచుమించు సమానమే కదా. టెలివిజను అర్ధరాత్రి వఱకు మ్రోగు గదిలో దాని కా నిద్ర దొరకదు.

పక్షుల వైద్యము తెలిసిన పశువైద్యుని పిల్ల రాకముందే వెదకి పెట్టుకొనవలెను. వచ్చిన వెంటనే ఆయనకు చూపి, చిలుక జ్వరము మొదలగు వ్యాధులకు పరీక్షలు చేయింపవలెను. చిలుక జ్వరము మనుష్యులకు కూడ సోకును. ఇంట వేఱు పక్షులున్నచో పరీక్షలు ముగియువఱకు దీనిని వేఱుగా నుంచవలెను. గ్రాములు తూచు చిన్న త్రాసు ఒకటి కొని, ప్రతిదినము ఉదయమున బరువు చూచి పుస్తకమున వ్రాయుట అవసరము. పక్షి తన రోగమును కడవఱకు దాచును. అడవిలో బలహీనమైనదానినే డేగ ఎన్నుకొనును గదా. 450 గ్రాముల చిలుక 45 గ్రాములు తగ్గినచో, అది హుషారుగానే కనబడినను వైద్యునియొద్దకు కొనిపోవలెను.

తెచ్చు దినమున గాలియాడు చిన్న పెట్టెలో, వస్త్రము కప్పి, ప్రొద్దుననే బయలుదేఱవలెను. చీకటిపడక ముందే అది క్రొత్తచోటును చూచుకొనగలుగును. పెంపకందారుడు పెట్టుచుండిన మేతనే కొన్ని వారములు పెట్టి, క్రమక్రమముగా మార్పవలెను. ఇరుగుపొరుగు పిల్లలను ఆ వారము రానీయరాదు. పంజరములోనికి చేయి దూర్చి పట్టుకొనుటకు బదులు, ప్రక్కన కూర్చుండి మెల్లగా ఏదైన చదువుచుండుట చాలును. రాత్రి గ్రుడ్డిదీపమొకటి వెలుగుచుండవలెను. చీకటిలో చప్పుడుకు బెదరి రెక్కలు కొట్టుకొని గాయపడు పిల్లలు కలవు. దీపావళి సమీపించి యున్నచో తెచ్చుటను పండుగ తరువాతికి వాయిదా వేయుట యుక్తము.

మొదటి దినములలో అది మాటలాడదు. సాధారణముగా ఏడాది నిండునాటికి గాని స్పష్టముగ పలుకదు. వచ్చినప్పుడు దాని కన్నులు నల్లగా నుండును. నెలలు గడచినకొలది అవి బూడిదరంగునకు తిరిగి, రెండవయేట లేతపసుపు వన్నెను పొందును.