సామాజిక ఆరోగ్య సేవలలో ప్రజా సమాచారం, పారదర్శకత: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ప్రభుత్వ ఆరోగ్య సేవలు ప్రజలకు అందడంలో సమాచారం పాత్ర కీలకమైనది. సమాచార హక్కు చట్టం, 2005లోని స్వచ్ఛంద వెల్లడి నిబంధనలను గ్రామస్థాయి ఆరోగ్య వ్యవస్థకు అన్వయించి, వెల్లడించవలసిన సమాచారాన్ని వర్గీకరించి, దాని భాషను, పరిమితులను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: సమాచార హక్కు, స్వచ్ఛంద వెల్లడి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, సామాజిక పర్యవేక్షణ, గోప్యత.

1. ఉపోద్ఘాతం:

జననీ శిశు సురక్షా కార్యక్రమం 2011 జూన్ 1న ప్రారంభమైంది. దీని ప్రకారం ప్రభుత్వాసుపత్రిలో ప్రసవం, అవసరమైతే శస్త్రచికిత్స, మందులు, పరీక్షలు, రక్తం, రాకపోకల సౌకర్యం పూర్తిగా ఉచితం. సాధారణ ప్రసవమైతే మూడు రోజులు, శస్త్రచికిత్స అయితే ఏడు రోజుల వరకు భోజనం కూడా ఉచితమే. ఈ సంగతి తెలియని కుటుంబం మందుల చీటీ పట్టుకొని బయటి దుకాణానికి వెళుతుంది. అడిగినచోటల్లా డబ్బు చెల్లిస్తుంది. అంటే హక్కు ఉత్తర్వులో ఉన్నా, సమాచారం లేనందువల్ల ఆ కుటుంబానికి అది లేనట్లే. కాబట్టి ఆరోగ్య సేవలలో సమాచారాన్ని సేవకు అనుబంధంగా కాక, సేవలో అంతర్భాగంగానే పరిగణించవలసి ఉంటుంది.

2. చట్టపరమైన ఆధారం:

ప్రజలకు తెలుసుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 1975లో రాజ్ నారాయణ్ కేసులో గుర్తించింది. 2005 అక్టోబరు 12 నుండి పూర్తిగా అమలులోకి వచ్చిన సమాచార హక్కు చట్టం ఆ హక్కుకు ఆచరణరూపం కల్పించింది. దరఖాస్తు చేసిన వారికి 30 రోజులలో, ప్రాణానికి లేదా స్వేచ్ఛకు సంబంధించిన విషయమైతే 48 గంటలలో సమాచారం ఇవ్వాలి. సెక్షన్ 4(1)(బి) అంతకంటే ముందుకు వెళ్ళి, ఎవరూ అడగకుండానే ప్రతి ప్రభుత్వ సంస్థ వెల్లడించవలసిన అంశాలను పేర్కొన్నది. అధికారుల విధులు, కేటాయించిన బడ్జెట్, రాయితీ పథకాల అమలు తీరు వాటిలో ఉన్నాయి.

ఇక్కడొక లోపాన్ని గమనించాలి. దరఖాస్తుకు సకాలంలో సమాధానమివ్వని అధికారికి సెక్షన్ 20 కింద రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. స్వచ్ఛంద వెల్లడిలో విఫలమైన సంస్థకు మాత్రం ఇటువంటి నేరుగా వర్తించే జరిమానా లేదు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు సెక్షన్ 4 అమలును సమాచార కమిషన్లు నిరంతరం పర్యవేక్షించాలని ఆదేశించడాన్ని ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి.

3. వెల్లడించవలసిన సమాచారం – వర్గీకరణ:

జనాభా ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1,20,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. కొండ, గిరిజన ప్రాంతాలలో ఇవి వరుసగా 3,000, 20,000, 80,000. ఈ మూడు స్థాయిలలో ప్రజలకు తెలియవలసిన సమాచారాన్ని మూడు విధాలుగా విభజించవచ్చు.

అ) హక్కుల సమాచారం: ఏ సేవలు ఉచితం, వైద్యులు ఏ వేళల్లో ఉంటారు, ఫిర్యాదు ఎవరికి చేయాలి.

ఆ) వనరుల సమాచారం: మందుల నిల్వ, ఖాళీగా ఉన్న పోస్టులు, వచ్చిన నిధులు, చేసిన ఖర్చు.

ఇ) నిర్ణయాల సమాచారం: ఆ ఖర్చును ఎవరు, ఏ సమావేశంలో నిర్ణయించారు.

మొదటిది గోడమీద రాయించడం తేలిక. రెండవది కాలానుగుణంగా మారుతుంది కనుక, దానిని తాజాగా ఉంచే బాధ్యత ఒకరికి అప్పగించాలి. మూడవది సమావేశపు మినిట్స్ పుస్తకం దాటి బయటికి రావాలి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘానికి ఏటా 10,000 రూపాయల వరకు నిర్బంధం లేని నిధి లభించే ఏర్పాటు ఉంది. మొత్తం చిన్నదే అయినా, దాని లెక్క గ్రామసభలో వినిపించినప్పుడే ఆ సంఘం ప్రజలది అవుతుంది.

4. భాష, మాధ్యమం:

సమాచారాన్ని వెల్లడించేటప్పుడు స్థానిక భాషను, ఖర్చును, ఆ ప్రాంతంలో బాగా చేరే మాధ్యమాన్ని పరిగణనలోకి తీసుకోవాలని సెక్షన్ 4(4) చెబుతున్నది. ‘అన్‌టైడ్ ఫండ్’ అని తెలుగు లిపిలో రాసినంత మాత్రాన అది తెలుగు సమాచారం కాదు. ‘గ్రామ అవసరాన్ని బట్టి సంఘం ఖర్చు పెట్టుకోగల డబ్బు’ అంటే అందరికీ బోధపడుతుంది. చదువురాని వారికి ఆశా కార్యకర్త మాట, గ్రామంలో వేసే దండోరా, గిరిజన ప్రాంతాలలో వారి మాతృభాష బోర్డు కన్నా బాగా ఉపకరిస్తాయి.

5. సమాచారం నుండి జవాబుదారీతనానికి:

సమాచారం ఉన్నంతనే జవాబుదారీతనం రాదు. ప్రశ్నించే వేదిక కూడా ఉండాలి. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద 2007లో తొమ్మిది రాష్ట్రాలలో సామాజిక పర్యవేక్షణ తొలిదశ మొదలైంది. గ్రామస్థులు సేవలను పరిశీలించి, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులతో నివేదిక పత్రాలు తయారుచేసి, బహిరంగ విచారణలలో అధికారుల ముందుంచారు. ఆ తొమ్మిదింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. అయితే ఉపాధి హామీ పథకంలో సామాజిక తనిఖీకి ఉమ్మడి రాష్ట్రం 2009లోనే ప్రత్యేక సొసైటీని ఏర్పాటుచేసింది. పనిదినాల లెక్కను గ్రామసభలో చదివి వినిపించిన ఆ అనుభవం మందుల నిల్వ లెక్కకూ మార్గం చూపగలదు.

6. గోప్యత – పరిమితులు:

పారదర్శకత సంస్థకు వర్తించేది. గోప్యత రోగికి చెందినది. హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం, 2017 వ్యక్తి ఆరోగ్యస్థితి వెల్లడిపై ఆంక్షలు విధించింది. ‘ఎన్ని ప్రసవాలు జరిగాయి’ అన్నది ప్రజా సమాచారం. ‘ఎవరికి ఏ వ్యాధి ఉంది’ అన్నది కాదు. అయితే గోప్యత పేరుతో సంస్థ తన లెక్కలను దాచుకోరాదు. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె)కు చేసిన సవరణ, ఆ ఉపనిబంధనలోని ప్రజాప్రయోజన పరీక్షను తొలగించింది. సెక్షన్ 8(2)లోని ప్రజాప్రయోజన నిబంధన మిగిలి ఉంది కనుక, ఇకపై వాదన దాని ఆధారంగా సాగవలసి ఉంటుంది.

7. ముగింపు:

పై పరిశీలనను బట్టి ఆరోగ్య కేంద్రంలో పారదర్శకతకు మూడు షరతులు అవసరమని తెలుస్తున్నది: సమాచారం తాజాగా ఉండాలి, ప్రజల భాషలో ఉండాలి, దానిపై ప్రశ్నించే వేదిక ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా, ఆ లోటు భారం చివరికి మందుల చీటీతో బయటి దుకాణం ముందు నిలబడిన కుటుంబం మీదనే పడుతుంది.