చెంచాకు ఎన్ని గ్రాములు? వంటింటి కొలతలు తెలుసుకుందాం

"ఉప్పు రోజుకు 5 గ్రాములు మించకూడదమ్మా" అని బి.పి. ఉన్నవారికి చెప్పినప్పుడు మాకు తరచుగా వచ్చే జవాబు ఒక్కటే: "గ్రాములంటే మాకెలా తెలుస్తుంది? మా ఇంట్లో త్రాసు లేదు కదండీ!" ఇది న్యాయమైన ప్రశ్నే. మన పెద్దలు గిద్ద, సోల, తవ్వ, మానికలతో కొలిచేవారు. మనం చెంచాలతో, గ్లాసులతో కొలుస్తున్నాం. ఇవన్నీ వస్తువు ఎంత చోటు పట్టిందో చెబుతాయి గాని, ఎంత బరువుందో చెప్పవు. డాక్టరు గారు రాసేది మాత్రం బరువు.

ఒకే చెంచా, వేర్వేరు బరువులు

టీస్పూను అంటే 5 మి.లీ. మీ ఇంటి చెంచా అంతే ఉందో లేదో చూడాలంటే, సిరప్ సీసాతో వచ్చే కొలత మూతను బాగా కడిగి, 5 మి.లీ. గీత వరకు నీళ్ళు పోసి చెంచాలోకి ఒంపండి. సరిగ్గా అంచు వరకు నిండితే అది టీస్పూనే. ఆ చెంచాతో చదునుగా కొలిస్తే సుమారుగా:

నీళ్ళు – 5 గ్రాములు
నూనె – నాలుగున్నర గ్రాములు
పంచదార – 4 గ్రాములు
మెత్తటి ఉప్పు – 6 గ్రాములు

నూనె నీటికన్నా తేలిక. అందుకే లీటరు నూనె పాకెట్ మీద 910 గ్రాములని ఉంటుంది.

ఉప్పు విషయంలో జాగ్రత్త

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే పరిమితి రోజుకు 5 గ్రాముల లోపు. అంటే చదునుగా కొలిచిన ఒక చెంచాకన్నా తక్కువే. రాళ్ళ ఉప్పు పలుకుల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి చెంచాలో తక్కువ బరువు పడుతుంది. రాళ్ళ ఉప్పు మానేసి మెత్తటి ఉప్పుకు మారినవారు పాత చెంచా లెక్కనే వేస్తే, తెలియకుండానే ఉప్పు ఎక్కువ తింటారు.

త్రాసు లేకుండా లెక్క చూసే మార్గం ఒకటుంది. ఉప్పు పాకెట్ విప్పిన తేదీ దానిమీద రాయండి. నలుగురు పెద్దలున్న ఇంట్లో రోజుకు 20 గ్రాముల చొప్పున కిలో పాకెట్ 50 రోజులు రావాలి. నెలకే అయిపోతే, మనిషికి రోజుకు 8 గ్రాములు దాటుతున్నట్టే. బయట కొనే పచ్చళ్ళు, అప్పడాలు, చిప్స్‌లోని ఉప్పు దీనికి అదనం.

షుగరు ఉన్నవారికి బియ్యం కొలత

కిలో బియ్యం మీరు రోజూ వాడే గ్లాసుతో కొలవండి. ఆరు గ్లాసులు వస్తే, గ్లాసుకు సుమారు 165 గ్రాములు. పూటకు 80 గ్రాములు తినమని రాసిస్తే, అది అర గ్లాసు బియ్యం. అయితే ఆ రాసిచ్చింది బియ్యం బరువా, అన్నం బరువా అని తప్పక అడగండి. అన్నం నీరు పీల్చుకుంటుంది కాబట్టి బియ్యానికి రెండింతలకు పైగా తూగుతుంది.

పసిపిల్లల విరేచనాలకు

ఇక్కడ కొలత తప్పితే ప్రమాదం. ఓ.ఆర్.ఎస్. పాకెట్ ఉంటే అదే మేలు. కాని కొన్ని పాకెట్లు లీటరు నీటికి, కొన్ని చిన్నవి 200 మి.లీ. నీటికి తయారుచేసినవి. ముందు పాకెట్ మీద చదివి, అంత నీటిలోనే మొత్తం పొడిని కలపండి. పాకెట్ దొరికేలోపు, కాచి చల్లార్చిన లీటరు నీటిలో చదునుగా కొలిచిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను మెత్తటి ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. చెంచా పైకి పోగుగా తీయవద్దు. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు హాని. బిడ్డ మత్తుగా పడి ఉన్నా, ఏమీ తాగలేకపోతున్నా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఈ వారమే ఒక చెంచా, ఒక గ్లాసు కొలిచి, వాటినే వంటింట్లో ప్రత్యేకంగా ఉంచుకోండి. ఈసారి చూపించుకోవడానికి వచ్చేటప్పుడు ఆ రెండూ వెంట తెస్తే, మీకు రాసిచ్చిన గ్రాములు వాటిలో ఎంతవుతాయో మేము చూపిస్తాం.