కంపైలరే చేతులెత్తేసినప్పుడు

ప్రోగ్రామ్‌లో సెమీకోలన్ మరిచిపోతే కంపైలర్ ఫలానా లైన్లో తప్పుందని చెబుతుంది. సరిచేసుకుంటే సరిపోతుంది. అప్పుడప్పుడూ మాత్రం ‘ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్’ అని రాసి ఆగిపోతుంది. మీ ప్రోగ్రామ్ ఎలా ఉన్నా సరే, ఈసారి తేడా నాలోనే ఉందని కంపైలర్ ఒప్పుకోవడమే అది.

రిచర్డ్ స్టాల్‌మన్ 1987 మార్చిలో మొదటి బీటా విడుదల చేసిన జీసీసీ అనే కంపైలర్ కథలో ఈ ఎర్రర్‌ది పెద్ద పాత్రే. కంపైలర్ ప్రోగ్రామ్‌ని చదివి, అర్థం చేసుకుని, చెక్కి, చివరికి యంత్రభాషలోకి దింపుతుంది. ఒక దశలో తయారైంది తరువాతి దశకు పనికొచ్చేలా ఉందో లేదో దారి పొడవునా సరిచూసుకుంటుంది. లెక్క తప్పితే తన సోర్సులోనే ఏ ఫైలు, ఏ లైన్ దగ్గర ఆగిందో చెప్పి పని మానేస్తుంది. మానకపోతే తప్పుడు కోడ్ చడీచప్పుడు లేకుండా బయటికి పోతుంది.

పాత జీసీసీలో బాగా అపఖ్యాతి పాలైన దశ, విలువలను రిజిస్టర్లలో సర్దే ‘రీలోడ్’. 32 బిట్ ఇంటెల్ చిప్‌లో సాధారణ రిజిస్టర్లు ఎనిమిదే. స్టాక్ పాయింటర్‌కి ఒకటి, చాలాసార్లు ఫ్రేమ్ పాయింటర్‌కి మరొకటి పోగా మిగిలేవి ఆరు. ఇన్‌లైన్ అసెంబ్లీ వాటిలో కొన్నింటిని పట్టేసుకుంటే, ఖాళీ రిజిస్టర్ దొరకలేదంటూ రీలోడ్ చేతులెత్తేసేది. ఆ అసెంబ్లీ వాక్యాన్ని రెండు ముక్కలు చేయడమో, ఆప్టిమైజేషన్ తగ్గించడమో, ఫ్రేమ్ పాయింటర్ వదులుకోవడమో ఉపాయం. 2013లో వచ్చిన 4.8 వెర్షన్ ఇంటెల్ చిప్‌లకు రీలోడ్ స్థానంలో కొత్త పద్ధతి తెచ్చింది.

అన్ని నేరాలూ కంపైలర్‌వి కావు. 1990లలో లైనక్స్ కెర్నల్ కంపైల్ చేస్తుంటే జీసీసీ ‘సిగ్నల్ 11’తో కూలిపోవడం మామూలైంది. చాలాసార్లు అసలు దోషి చెడిపోయిన ర్యామ్. కంపైలర్ మెమరీ నిండా పాయింటర్లే కాబట్టి ఒక్క బిట్ తారుమారైనా అది లేని చిరునామాకు వెళ్లి చస్తుంది. పరీక్ష తేలికే: అదే ఆదేశం మళ్లీ ఇవ్వాలి. ఈసారి వేరేచోట ఆగితే ర్యామ్‌నీ ఫ్యాన్‌నీ అనుమానించాలి. తరువాతి జీసీసీ ఈ పరీక్ష తానే చేసుకుని, ఎర్రర్ మళ్లీ రాకపోతే లోపం హార్డ్‌వేర్‌దో ఆపరేటింగ్ సిస్టమ్‌దో కావచ్చని చెబుతుంది.

ప్రతిసారీ ఒకేచోట ఆగితే అది కంపైలర్ బగ్గే. అప్పుడు బగ్ రిపోర్ట్ కోసం ‘సేవ్ టెంప్స్’ ఆప్షన్‌తో హెడర్లన్నీ కలిసిపోయిన ఫైలు తీసుకుని, ఎర్రర్ పోకుండా కోస్తూ పోవాలి. వేల లైన్లు చివరికి పదికి దిగుతాయి. ఈ కోత పని చేసిపెట్టే ‘సీ-రెడ్యూస్’ యూటా విశ్వవిద్యాలయంలో పుట్టింది. అక్కడివాళ్లదే ‘సీస్మిత్’. అది యాదృచ్ఛికంగా సీ ప్రోగ్రాములు రాసి కంపైలర్ల మీదికి వదులుతుంది. మూడేళ్లలో 325కి పైగా కొత్త బగ్గులు దొరికాయని 2011లో ఆ బృందం ప్రకటించింది. పరీక్షించిన ప్రతి కంపైలరూ కూలిపోయింది. సరైన ప్రోగ్రామ్‌కి చప్పుడు లేకుండా తప్పుడు కోడ్ కూడా ఇచ్చింది. ఆ రెండో రకంతో పోలిస్తే కూలిపోవడమే నయం.

పాత బోర్డు కోసం పాత వెర్షన్‌కే కట్టుబడినవాళ్లకు కొత్త దిద్దుబాట్లు అందవు. అలాంటివాళ్లు ప్రాజెక్టు మొత్తానికి కాక, ఆగిపోయిన ఆ ఒక్క ఫైలుకే ఆప్టిమైజేషన్ తగ్గించుకోవాలి. ఎందుకు తగ్గించారో మేక్‌ఫైల్‌లో రాసి పెట్టాలి. లేకపోతే తరువాత వచ్చినవాడు అనవసరమని తీసేసి మళ్లీ మొదటికొస్తాడు.