ఎమర్జెన్సీ పుకారు, ఎదురుగా ఉన్న చట్టం

2020 మార్చి చివర్లో, కోవిడ్ లాక్‌డౌన్ వేళ, ఒక మెసేజ్ ఫోన్లలో చక్కర్లు కొట్టింది: ఏప్రిల్ మధ్యలో ఎమర్జెన్సీ పెడతారు, సైన్యాన్ని దింపుతారు అని. అది పచ్చి అబద్ధమని సైన్యమే ప్రకటించాల్సి వచ్చింది. అబద్ధం సంగతి అటుంచి, అది జనం చూపును తప్పు దిక్కుకు తిప్పింది. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ తర్వాత ఎమర్జెన్సీకి అంతర్గత కల్లోలమనే సాకు చెల్లదు. యుద్ధమో, విదేశీ దాడో, సాయుధ తిరుగుబాటో ఉండాలి. కేబినెట్ లిఖితపూర్వకంగా కోరాలి, నెలలోపు పార్లమెంటు ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి. ప్రభుత్వానికి ఇంత తతంగం దేనికి? అప్పటికే దేశాన్ని గడప దాటకుండా ఆపింది 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. దానికి తోడు 1897 నాటి అంటువ్యాధుల చట్టం, అప్పటి సీఆర్‌పీసీ 144వ సెక్షన్ కూడా ఉండేవి.

1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ఎవరికి చెప్పి పెట్టారు, అనుమానిస్తే తప్పేమిటని అడగవచ్చు. తప్పు లేదు. మంత్రివర్గానికే ఆ సంగతి మర్నాడు తెలిసింది. లిఖితపూర్వక షరతు అందుకే పుట్టింది. కానీ అనుమానం అక్కరకు రావాలంటే ఉత్తర్వు కాగితం చూపించమని అడగాలి. ఉదాహరణకు, ఇంటర్నెట్ నిలిపివేత ఉత్తర్వులను ప్రచురించాలని 2020 జనవరిలో అనూరాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కోర్టులో సవాలు చేయడానికి వీలుండాలని. ఆ నిలిపివేతల రికార్డులే కేంద్రం దగ్గర లేవని 2021లో పార్లమెంటు స్థాయీ సంఘం ఎత్తిచూపింది. కంగారు పడాల్సిన వార్త నిజానికి అదీ.