ఎముకల సెట్టు ఎవరిది?

ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో అనాటమీ చదువుకు ఎముకలే పునాది. కండరం ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కుంటుంది, నరం ఏ గాడి వెంట సాగుతుంది, రక్తనాళం ఏ రంధ్రం గుండా పుర్రెలోకి వెళుతుంది అన్న సంగతులకు ఎముక మీది గుర్తులే ఆధారం. పెద్దవాళ్ల శరీరంలో 206 ఎముకలుంటాయి. పుర్రె, ముఖం కలిపి 22, మణికట్టుతో సహా ఒక్కో చేతిలో 27, ఒక్కో పాదంలో 26. వీటిలో ముఖ్యమైన ఏ ఎముకను చేతికిచ్చినా అది కుడివైపుదా ఎడమవైపుదా, శరీరంలో ఎలా నిలిచి ఉంటుంది, దాని మీద ఏ కండరాలు పట్టి ఉంటాయి అన్నది విద్యార్థి చెప్పగలగాలి. పరీక్షలో వైవా నడిపే ప్రొఫెసర్లు ఎముకలను బల్ల మీద పెట్టుకునే కూర్చుంటారు. బొమ్మలు చూసి నేర్చుకున్నవాళ్లు అక్కడ తడబడతారు. అందుకే చౌరాసియా అనాటమీ పుస్తకం ముందు పెట్టుకుని, ఎముకను చేతిలో తిప్పి చూసుకుంటూ చదవడం మన హాస్టళ్లలో తరతరాలుగా వస్తున్న అలవాటు.

ఇలా చదవడానికి దగ్గర ఉంచుకునే ఎముకలను విద్యార్థులు ‘బోన్ సెట్’ అంటారు. తీగలతో కట్టి నిలబెట్టిన పూర్తి అస్థిపంజరం కళాశాల మ్యూజియంలో ఉంటుంది కానీ, రోజువారీ చదువుకు అది అంతగా పనికిరాదు. కీళ్ల దగ్గర ఎముకలు ఒకదానినొకటి కప్పేస్తాయి, విడదీసి చూసే వీలుండదు. కావలసింది విడి ఎముకలు. శరీరం కుడి ఎడమలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి హాఫ్ సెట్ చాలు: పుర్రె, దవడ, వెన్నుపూసలు, ఒకవైపు పక్కటెముకలు, ఒక చేయి, ఒక కాలు, ఒక తుంటి ఎముక. చేతి, పాదాల చిన్న ఎముకలు విడిగా ఉంటే పోతాయని వాటిని నైలాను దారంతో గుచ్చి ఉంచుతారు.

ఈ సెట్టు ఎక్కువగా సీనియర్ల దగ్గర నుంచే వస్తుంది. మొదటి ఏడాది గట్టెక్కినవాళ్లు తర్వాతి బ్యాచ్‌కు అమ్ముతారు, వాళ్లు ఆ పై బ్యాచ్‌కు అమ్ముతారు. కండరం పుట్టే చోట ఎరుపు, అతుక్కునే చోట నీలం రంగులతో ఎవరో వేసిన గీతలు కూడా సెట్టుతోపాటే చేతులు మారతాయి. కొన్ని కళాశాలలు విభాగంలోనే ఎముకలు ఉంచి చదువుకోనిస్తాయి, కొన్ని పేరు రాసుకుని గదికి కూడా ఇస్తాయి. ఎముకల ధర ఎంత, పుర్రె బాగుందా, ఏవైనా తక్కువయ్యాయా అని విద్యార్థులు వివరంగానే ఆరా తీస్తారు. ఇవి ఎవరివి, ఎలా వచ్చాయి అని మాత్రం అడగరు. వైద్యవిద్య చరిత్ర పొడవునా ఈ ప్రశ్నకు వచ్చిన జవాబులు చాలావరకు చేదైనవే.

రెండో శతాబ్దపు రోమన్ వైద్యుడు గాలెన్ కాలంలో మనిషి శవాన్ని కోసి చూసే అవకాశం లేదు. నిజమైన అస్థిపంజరం చూడాలంటే అలెగ్జాండ్రియాకు వెళ్లమని ఆయన శిష్యులకు చెప్పాడు. వరదకు సమాధి కొట్టుకుపోయి బయటపడిన ఒక అస్థిపంజరాన్నీ, దారి పక్కన పడి ఉన్న ఒక దొంగ ఎముకలనూ చూసి నేర్చుకున్నట్టు తనే రాసుకున్నాడు. మన దేశంలో సుశ్రుత సంహిత ఇందుకు ఒక పద్ధతే చెప్పింది. విషంవల్లగానీ దీర్ఘరోగంవల్లగానీ చనిపోని, మరీ ముసలితనం రాని మనిషి దేహాన్ని ఎంచుకోవాలి. దాన్ని గడ్డితో, నారతో చుట్టి, బోనులో ఉంచి, మరుగైన చోట మెల్లగా పారే నీటిలో ఏడు రాత్రులు నాననివ్వాలి. తర్వాత వట్టివేరు, వెదురు వంటివాటితో చేసిన కుంచెలతో మెల్లగా రుద్దుతూ చర్మం నుంచి లోపలి భాగాలదాకా ఒక్కో పొరా కళ్లారా చూడాలి. సుశ్రుతుడి లెక్కలో ఎముకలు 300. పళ్లనూ, మృదులాస్థి భాగాలనూ కూడా కలపడంవల్ల ఆ సంఖ్య అంత పెరిగింది.

విద్యార్థిగా ఉండగా సొంతంగా అస్థిపంజరం సంపాదించుకున్నవాళ్లలో అందరికంటే పేరున్నవాడు ఆండ్రియాస్ వెసాలియస్. 1536లో ఆయన ఇప్పటి బెల్జియంలోని లూవెన్ నగరం బయట, మరణశిక్ష పడినవాళ్లను వేలాడదీసే చోటికి స్నేహితుడు గెమ్మా ఫ్రిసియస్‌తో కలిసి వెళ్లాడు. పక్షులు మాంసం తినేయగా, కీళ్ల దగ్గర స్నాయువులు మాత్రం మిగిలిన ఒక శవం అక్కడ గొలుసుకు వేలాడుతోంది. కాళ్లూ చేతులూ ముందు ఇంటికి చేర్చి, గొలుసుతో కట్టి ఉన్న మొండేన్ని చీకటిపడ్డాక మళ్లీ వచ్చి దింపుకుపోయాడు. ఉడకబెట్టి, శుభ్రం చేసి, దొరకని కొన్ని ఎముకలు మరోచోట సంపాదించి, అస్థిపంజరాన్ని పూర్తి చేశాడు. ఎవరైనా అడిగితే పారిస్ నుంచి తెచ్చానని చెప్పాడు. ఏడేళ్ల తర్వాత 1543లో వచ్చిన ఆయన గ్రంథం గాలెన్ తప్పులను వందల సంఖ్యలో సరిదిద్దింది. ఆధునిక అనాటమీ అక్కడే మొదలైందంటారు. ఆ అస్థిపంజరం ఎవరిదో పేరైనా మిగల్లేదు.

వైద్య పాఠశాలలు పెరిగేకొద్దీ ఉరికంబాలు సరిపోలేదు. బ్రిటన్‌లో సమాధులు తవ్వి శవాలు అమ్మేవాళ్లు తయారయ్యారు. ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు 1828లో తవ్వే శ్రమ కూడా లేకుండా 16 మందిని చంపి, రాబర్ట్ నాక్స్ అనే అనాటమీ అధ్యాపకుడికి అమ్మారు. హేర్ సాక్షిగా మారి తప్పించుకున్నాడు. బర్క్‌ను 1829 జనవరిలో ఉరితీసి, బహిరంగంగా కోసి చూపించారు. అతని అస్థిపంజరం ఇప్పటికీ ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉంది. ఈ దారుణం తర్వాత 1832లో అనాటమీ చట్టం వచ్చింది. ఆసుపత్రుల్లో, పేదల ఆశ్రయాల్లో చనిపోయి ఎవరూ తీసుకుపోని శవాలను వైద్య పాఠశాలలకు ఇవ్వవచ్చని అది చెప్పింది. హత్యలు ఆగాయి. అయితే ఉరిశిక్ష పడినవాళ్ల స్థానంలోకి నిరుపేదలు వచ్చారు. తన దేహాన్ని ఇవ్వడం ఇష్టమేనా అని చనిపోయిన మనిషిని బతికుండగా అడిగినవారు లేరు. మన దేశంలో 1949 నాటి బొంబాయి అనాటమీ చట్టం, తర్వాత ఇతర రాష్ట్రాల్లో వచ్చిన చట్టాలు కూడా ఈ పునాది మీద కట్టినవే.

కలకత్తా మెడికల్ కాలేజీ 1835లో మొదలైంది. మరుసటి ఏడు పండిత మధుసూదన్ గుప్త అక్కడ శవాన్ని కోసి, శతాబ్దాల నిషేధాన్ని దాటాడు. అదే నగరం తర్వాతి కాలంలో ప్రపంచానికి ఎముకలు సరఫరా చేసే కేంద్రమైంది. బ్రిటన్, అమెరికా విద్యార్థులు ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువ భాగం కలకత్తా నుంచి వెళ్లిన ఎముకల మీదే చదివారు. 1984లో మన దేశం నుంచి దాదాపు 60,000 పుర్రెలు, అస్థిపంజరాలు ఎగుమతి అయ్యాయని ఆ మరుసటి ఏడు షికాగో ట్రిబ్యూన్ రాసింది. అన్ని కుటుంబాలు తమవాళ్ల దేహాలు ఇష్టంగా ఇచ్చాయనుకోవడానికి వీల్లేదు. కట్టెలు కొనలేక నదిలో వదిలిన శవాలు, రాత్రిపూట తవ్వుకుపోయిన శ్మశానాలు ఈ వ్యాపారానికి ముడిసరుకు. పిల్లల అస్థిపంజరాల ఎగుమతి బయటపడి గగ్గోలు పుట్టాక, 1985లో కేంద్రం మానవ ఎముకల ఎగుమతిని నిషేధించింది. దొంగవ్యాపారం మాత్రం ఆగలేదు. 2007లో పశ్చిమ బెంగాల్ బర్ద్వాన్ జిల్లాలోని పూర్వస్థలి దగ్గర పోలీసులు సోదా చేస్తే పుర్రెలు, ఎముకలు పెద్దఎత్తున దొరికాయి. బ్రిటన్‌లో, అమెరికాలో ఎవరో డాక్టరు చనిపోయాక అటక మీద చెక్కపెట్టెలో హాఫ్ సెట్ బయటపడి, దాన్ని ఏం చేయాలో తోచక వారసులు విశ్వవిద్యాలయాలను అడగడం ఇప్పటికీ జరుగుతోంది. ఆ పెట్టెల్లో చాలావాటిలో ఉన్నది మన దేశపు పేదవాళ్లే.

సక్రమంగా ఎముకలు తయారు చేసుకునే పని అనాటమీ విభాగాల్లోనే జరుగుతుంది. డిసెక్షన్ పూర్తయిన కెడావర్ (బోధనకు వాడే మృతదేహం) నుంచి మెత్తని భాగాలు తీసేసి, ఎముకలను నీటిలో నానబెట్టో ఉడకబెట్టో శుభ్రం చేస్తారు. మట్టిలో కొన్ని నెలలు పాతిపెట్టే పద్ధతీ ఉంది. సూక్ష్మజీవులు, పురుగులు మిగతా పని చేస్తాయి కానీ ఎముక గోధుమరంగుకు తిరుగుతుంది. మూలుగలోని కొవ్వు తీయకపోతే ఎముక జిడ్డుగా, వాసనగా ఉండిపోతుంది. ఆఖరున హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరిచి ఆరబెడతారు. ఫార్మలిన్‌లో ఉన్న దేహం గట్టిపడి ఉంటుంది కాబట్టి ఇదంతా ఓపిక కావలసిన పని.

ఫైబర్, ప్లాస్టిక్ నమూనాలు ఇప్పుడు దాదాపు ప్రతి కళాశాలలోనూ ఉన్నాయి. విరగవు, వాసన రావు, ఎవరి సమాధినీ తవ్వక్కర్లేదు. మొదటి ఏడాది చదువులో ఎక్కువ భాగం వాటితో బాగానే సాగుతుంది. కాకపోతే ఒకే అచ్చులో పోసినవి కావడంతో అన్నీ ఒకేలా ఉంటాయి. చవకరకాల్లో పుర్రె అడుగున నరాలు వెళ్లే సన్నని రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి. కంటిగుంట లోపలి గోడ కాగితమంత పలుచగా ఉంటుందన్న సంగతి ముట్టుకుంటేగానీ అర్థం కాదు. మోచేతి పైన హ్యూమరస్‌లో కొందరికే ఉండే రంధ్రం, మెడలో అదనపు పక్కటెముక, సేక్రమ్‌తో కలిసిపోయిన నడుము వెన్నుపూస వంటి తేడాలు అసలు ఎముకల్లోనే కనిపిస్తాయి. రేపు ఎక్స్‌రే చూసి, ఇది జబ్బు కాదు, పుట్టుకతో వచ్చిన తేడా అని చెప్పవలసింది ఈ విద్యార్థే. అందువల్ల నమూనాలతో నేర్చుకుని, విభాగంలోని అసలు ఎముకలతో సరిచూసుకోవడం సరైన దారి. సొంత సెట్టు తప్పనిసరి అన్నది నిజంగా ఒక అలవాటే తప్ప అవసరం కాదు.

ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేని మనిషి దగ్గర, కాటికాపరి ద్వారా తెప్పిస్తానన్నవాళ్ల దగ్గర ఎముకలు కొనడం తప్పు. శ్మశానంలోకి చొరబడి అవశేషాలను అగౌరవపరచడం భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు జైలుశిక్ష పడే నేరం. ఇప్పటికే చేతిలో ఉన్న పాత సెట్టును చదువు అయ్యాక అమ్మకానికి పెట్టకుండా అనాటమీ విభాగానికి అప్పగించడం మేలు. కెడావర్‌ను తొలి గురువుగా గౌరవించాలన్న పాఠం 2019 నుంచి ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలోనే ఉంది. మంచం కింద సంచిలో ఉన్న ఎముకలకు కూడా అదే గౌరవం దక్కాలి.

అడిగి తీసుకున్న దేహాలు పెరిగితేనే ఈ చిక్కు తీరుతుంది. హైదరాబాదులో పెరిగిన సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి 2024 సెప్టెంబరు 12న చనిపోయినప్పుడు, కుటుంబం ఆయన దేహాన్ని బోధన, పరిశోధనల కోసం ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇచ్చింది. దేహదానం చేయాలనుకునేవాళ్లు దగ్గరలోని మెడికల్ కాలేజీ అనాటమీ విభాగంలో ఫారం తీసుకుని, సాక్షులతో సంతకం చేయించి ఇవ్వవచ్చు. చనిపోయాక కబురు చేయవలసింది కుటుంబమే కాబట్టి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఒప్పించాలి. పోస్టుమార్టం జరిగిన దేహాలను, కొన్ని అంటువ్యాధులతో చనిపోయినవారి దేహాలను సాధారణంగా తీసుకోరు. కళ్లు విడిగా దానం చేసినా దేహాన్ని తీసుకుంటారు. డిసెక్షన్ తర్వాత ఎముకలను బోధనకు ఉంచుకుంటారా, మిగిలిన భాగాలను ఎలా సాగనంపుతారు అన్నది ఫారం మీద సంతకం చేసేముందే విభాగాన్ని అడగండి, ఎముకలు ఉంచుకోవడం మీకు ఇష్టమో కాదో రాతపూర్వకంగా ఇవ్వండి.