తొండకూ తూనీగకూ చట్టం ఉందా?

2022 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బదాయూ పట్టణంలో ఒకతను ఎలుక తోకకు తాడు కట్టి, ఆ తాడుకు ఇటుకరాయి కట్టి మురికికాలువలో ముంచాడు. అటుగా వెళ్తున్న జంతుప్రేమికుడొకరు వద్దన్నా వినలేదు. బయటికి తీసేసరికి ఎలుక చచ్చిపోయింది. ఆయన పోలీస్‌స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇచ్చారు. కళేబరాన్ని బరేలీలోని భారత పశువైద్య పరిశోధన సంస్థకు పోస్టుమార్టానికి పంపించారు. ఊపిరాడక చనిపోయిందనీ, కాలేయమూ ఊపిరితిత్తులూ అప్పటికే జబ్బుపడి ఉన్నాయనీ నివేదిక వచ్చింది. 2023 ఏప్రిల్‌లో పోలీసులు 30 పేజీల చార్జిషీటు వేశారు.

నేను కరీంనగర్‌లో వకీలును. ఆ వార్త వచ్చిన రోజు మా బార్ రూములో పేపరు చేతులు మారింది. "ఎలుకకు చార్జిషీటా మేడం! మర్డర్ కేసులల్లనే సాక్షులు దొరుకుతలేరు" అని ఒక సీనియర్ అన్నారు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆవుకూ ఏనుగుకూ వకీళ్లు దొరుకుతారు, కుక్కల కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లేవాళ్లున్నారు. ఎవరి సొత్తూ కాని, ఎవరికీ ముద్దు రాని ఎలుక, తొండ, కప్ప, తూనీగల మాటేమిటి? వాటిని హింసిస్తే చట్టం ఏమంటుంది? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

బదాయూ పోలీసులు పెట్టిన సెక్షన్లలో ఒకటి పాత భారత శిక్షాస్మృతిలోని 429. ఏనుగు, ఒంటె, గుర్రం, ఎద్దు, ఆవు, గేదె లాంటివి ఎంత ఖరీదు చేసినా సరే, మిగతా జంతువైతే 50 రూపాయలో అంతకు మించో విలువ ఉంటేనే ఆ సెక్షన్ వర్తించేది. ఎలుకకు ఎవరు కడతారు 50 రూపాయల ఖరీదు? 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత న్యాయ సంహిత ఈ ధరల గొడవను తీసేసింది. 325వ సెక్షన్ ప్రకారం ఏ జంతువునైనా చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా అయిదేళ్ల వరకు జైలు పడొచ్చు. చదవగానే సంతోషమేస్తుంది. కానీ ఈ సెక్షన్ కూర్చున్నది ఆస్తి నష్టాల అధ్యాయంలో. ఎవరో ఒక మనిషికో, ప్రజలకో నష్టం జరగాలన్నది అక్కడ మూలసూత్రం. గొర్రె చస్తే కాపరికి నష్టం. చెరువుగట్టు మీది కప్ప చస్తే నష్టం ఎవరిది? కప్పదే. ఆ నష్టం ఆ అధ్యాయం లెక్కలోకి రాదు. ముద్దాయి తరఫున నేను నిలబడితే మొట్టమొదట ఎత్తే అభ్యంతరం ఇదే.

మరి వన్యప్రాణి సంరక్షణ చట్టం? 1972 నాటి ఆ చట్టం బలమైనదే, అయితే అది జాబితాల చట్టం. పట్టికలో పేరుంటే రక్షణ, లేకుంటే లేదు. నాగుపాము, ఉడుము, మన రాయలసీమ చిట్టడవుల్లో దొరికే నక్షత్ర తాబేలు పట్టికలో ఉన్నాయి. రామచిలుక కూడా ఉంది. అందుకే పంజరంలో చిలుకను పెట్టుకుని జాతకం చెప్పడం ఎప్పుడో నేరమైపోయింది. ఈ చట్టంలో 'వేట' అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టడం, వల పన్నడం, పక్షి గూటిని కదిలించడం కూడా వేటే. అంత శ్రద్ధగా రాసిన చట్టమే 2022 సవరణ దాకా ఎలుకనూ చిట్టెలుకనూ హానికర జంతువుల పట్టికలో పెట్టింది. ఆ పట్టికను ఇప్పుడు ఎత్తేశారు, కానీ అంతమాత్రాన ఎలుకకు రక్షణ వచ్చినట్టు కాదు. ఈ చట్టం చూసేది జాతి మిగులుతుందా లేదా అని. ఎలుకల జాతికి వచ్చిన ముప్పేమీ లేదు. ఇటుక కట్టిన ఆ ఒక్క ఎలుకకు ఎంత నొప్పి కలిగిందన్నది ఈ చట్టం అడిగే ప్రశ్న కాదు.

ఆ ప్రశ్న అడిగేది 1960 నాటి జంతు హింస నివారణ చట్టం. ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. బ్రిటిష్‌వాళ్లు 1890లో ఇలాంటి చట్టమే ఒకటి చేశారు. అందులో జంతువు అంటే పెంపుడు జంతువు లేదా పట్టి బంధించిన జంతువు. బండి లాగే ఎద్దును కొడితే నేరం, స్వేచ్ఛగా తిరిగే ఉడతను కాలిస్తే ఏమీ లేదు. స్వాతంత్ర్యం వచ్చాక, కళాక్షేత్ర స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. జంతు హింసపై ఆమె సొంతంగా బిల్లు పెట్టారు. ప్రభుత్వమే సమగ్రమైన చట్టం తెస్తుందని నెహ్రూ మాట ఇచ్చాక ఆమె దాన్ని ఉపసంహరించుకున్నారు. అలా వచ్చిన 1960 చట్టంలో 'జంతువు' అంటే మనిషి కాక బతికున్న ప్రతి ప్రాణీ. పెంపుడుదా అడవిదా అని అడగలేదు, వెన్నెముక ఉందా అనీ అడగలేదు. ఆ మాటల్లో తొండ ఉంది, తూనీగ ఉంది. ఇంగ్లండులో 2006లో చేసిన చట్టం కూడా పెంపుడువి, మనిషి అదుపులో ఉన్నవి, అడవిలో స్వేచ్ఛగా బతకనివి అనే గీత గీసుకుంది. అడవి జంతువుల కోసం అక్కడ 1996లో వేరే చట్టం చేయాల్సి వచ్చింది, అదీ పాలిచ్చి పెంచే జంతువులకే. మన పార్లమెంటు 1960లోనే ఇంత పెద్ద మాట రాసిందని చదివినప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

అలాగని ఇంట్లో ఎలుకను చంపితే నేరమా అని కంగారు పడొద్దు. చట్టం నిషేధించింది అనవసరమైన బాధను. వరిచేలో ఎలుకలు వెన్ను కొరికేస్తుంటే బుట్టలు పెట్టే రైతుకు అవసరం ఉంది. ధాన్యం బస్తాల మధ్య బోను పెట్టే కిరాణా వ్యాపారికీ ఉంది. ప్రాణం తీయడం వేరు, ప్రాణాన్ని వేపుకు తినడం వేరు. 11(1) సెక్షన్‌లోని 'ఎల్' క్లాజు చెప్పేది ఇదే. అనవసరమైన క్రూరపద్ధతిలో ఏ జంతువు అవయవాలు తెగ్గొట్టినా, చంపినా నేరం.

ఈ కొలతతో చూస్తే నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది గమ్ ప్యాడ్. అట్ట మీద ఆరని జిగురు, పుస్తకంలా తెరిచి మూల పెడతారు. వందలోపే వస్తుంది, ఫోన్‌లో ఆర్డర్ చేస్తే ఇంటికే వస్తుంది. ఎలుక కాలు అంటుకుంటుంది. లాక్కునే కొద్దీ పొట్ట, గడ్డం, మీసాలు అంటుకుంటాయి. తోలు చిరుగుతుంది, ఒక్కోసారి తన కాలు తానే కొరుక్కుంటుంది. ముక్కుకు జిగురు చుట్టుకుంటే తొందరగా పోతుంది, లేకపోతే ఆకలికీ దాహానికీ గంటల తరబడి, రోజుల తరబడి. పైగా ఆ అట్టకు ఎవరు వచ్చారో తెలియదు. బల్లి అంటుకుంటుంది, చుంచు అంటుకుంటుంది, గింజల కోసం వాలిన పిచ్చుక రెక్క అంటుకుంటుంది. భారత జంతు సంక్షేమ బోర్డు ఈ అట్టలు 11వ సెక్షన్‌కు విరుద్ధమని 2011లోనే రాష్ట్రాలకు రాసింది. చాలా రాష్ట్రాలు సర్క్యులర్లు కూడా ఇచ్చాయి. మా వీధి చివరి షాపులో అడిగితే "బోను ఎవరు కొంటరు మేడం, దాన్ని మళ్ల బయట విడిచి రావాలె. గీ అట్ట అయితే మడిచి పారేసుడే" అన్నాడు. మడిచి పారేసేటప్పుడు అది ఇంకా బతికే ఉంటుంది. ఈ అట్టకు పిట్టో బల్లో అంటుకుంటే లాగొద్దు, వంటనూనె రాస్తూ నెమ్మదిగా విడిపించాలి.

ఇక మన ఆటలూ ఆచారాలూ. తూనీగ తోకకు దారం కట్టి ఎగరేయడం, తల ఆడించే తొండను రాళ్లతో కొట్టడం మన పల్లెల్లో పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేని ఆటలు. పిల్లల మీద కేసులు పెట్టమని నేనెప్పుడూ అనను. పక్కన నిలబడి చూసే పెద్దవాళ్లు నోరు విప్పి ఒక మాట అంటే చాలు. వానలు పడనప్పుడు రోకలికి కప్పను కట్టి, వేపాకు చుట్టి, కప్పతల్లి పాటలతో ఇల్లిల్లూ తిరగడం ఇప్పటికీ ఉంది. ఆ పాటలంటే నాకు ప్రాణం. ఇంటింటా నీళ్లు పోసినా, తాడు బిగింపులో కప్పకు బాధ తప్పదు. మట్టితో చేసిన కప్పను కడితే పాటకు ఏం తక్కువ? దసరా నాటి పాలపిట్ట సంగతి మాత్రం ఇంకా గట్టిగా చెప్పాలి. అది తెలంగాణ రాష్ట్ర పక్షి. పండగరోజు దాన్ని చూస్తే శుభం. ఆ నమ్మకాన్ని సొమ్ము చేసుకోవడానికి వలేసి పట్టి, పంజరంలో కుక్కి గుడి ముందు చూపిస్తారు. ఇది రెండు చట్టాల కిందా నేరమే. హింస నివారణ చట్టంలోని 28వ సెక్షన్ మతాచారాన్ని మినహాయించింది కదా అంటారు. ఆ మినహాయింపు మతం కోరిన పద్ధతిలో చంపడానికే. బంధించి ప్రదర్శించడానికి కాదు. వన్యప్రాణి చట్టానికైతే ఆ మినహాయింపు అసలే అంటదు.

ఇంత విశాలమైన నిర్వచనం పెట్టుకున్న 1960 చట్టం శిక్ష దగ్గరికొచ్చేసరికి కుంచించుకుపోయింది. మొదటిసారి నేరానికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఒక పూట టిఫినుకు సరిపోని ఆ డబ్బు చూసి ఏ ఎస్సై కదులుతాడు? శిక్షలు పెంచుతూ కేంద్రం 2022 నవంబరులో ముసాయిదా సవరణ బయటపెట్టి, అభిప్రాయాలు కూడా అడిగింది. అది చట్టం కావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అప్పటిదాకా ఉన్నదాన్నే వాడుకోవాలి. "ఇది నాన్-కాగ్నిజబుల్ మేడం, కోర్టుకు పోండి" అని స్టేషన్లలో అనడం మామూలే. అది సగమే నిజం. 31వ సెక్షన్ ప్రకారం 'ఎల్' క్లాజు కింది నేరం కాగ్నిజబులే. మేజిస్ట్రేటు అనుమతి కోసం ఆగకుండా పోలీసులు కేసు కట్టవచ్చు. ఇంకో మాట చాలామంది వకీళ్లకే గుర్తుండదు. 36వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిన మూడు నెలల్లోపే ఈ చట్టం కింద కేసు మొదలు కావాలి. అందుకని కళ్లారా చూసినవాళ్లు తేదీ, టైము, చోటు రాసుకోండి, ఫొటో తీయండి, కళేబరం ఉంటే పశువైద్యుడికి చూపించమని అడగండి. అర్జీలో ఏం జరిగిందో మామూలు మాటల్లో రాసి, కింద 'జంతు హింస నివారణ చట్టం 1960, సెక్షన్ 11(1)(ఎల్), సెక్షన్ 31తో కలిపి' అని రాయండి. పక్షో పామో తాబేలో అయితే రెండో ప్రతిని అటవీ రేంజ్ ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకోండి.